కెంప్ గారి సన్మాన పత్రం

ఏడో ఇన్నింగ్స్‌లో ఫెర్రీమెన్ బేస్‌బాల్ జట్టు తొమ్మిది పరుగులు వెనకబడి ఉండగా రాఘవులు సన్మానం కబురు పట్టుకొచ్చాడు. వచ్చేవాడు ఇంకో గంట ఆగి వస్తే ఏం పోయిందో, ఈలోగా ఆట ముగిసి టీవీ అన్నా కట్టేసి ఉండేది.

అబ్రహాం సోఫా అంచున కూర్చుని ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని ఉన్నాడు. గెలిచినా ఓడినా ఒక్కో ఆటగాడి ఆటా పెన్సిల్‌తో గళ్లలో రాసుకోవడం ఆయనకు ముప్ఫై ఎనిమిదేళ్ల అలవాటు. బ్రేకుల కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తప్పు ఎక్కడ జరిగిందో కాగితం మీద కనబడకపోతే ఆయనకు అన్నం సయించదు. ఈ సాయంత్రం పెన్సిల్ మొన ఇప్పటికే రెండుసార్లు విరిగింది.

"చూడు రాఘవులూ, ఆ పిల్లాణ్ణి చూడు," అన్నాడు, వచ్చినవాడు ఇంకా బూట్లు విప్పకముందే. "పోయిన నెలదాకా ఎక్కడో చిన్న లీగ్‌లో ఆడుకునేవాడు. తీసుకొచ్చి పెద్ద పెద్ద బ్యాటర్లకు బంతి విసరమని నిలబెట్టారు. వీడి తప్పేముంది? ఉన్న ఒక్క మంచి పిచ్చర్‌ని మే నెలలో వేరే జట్టుకు అమ్ముకున్నాడు ఆ కెంప్ మహానుభావుడు."

బ్రాడ్లీ కెంప్ జట్టు యజమాని. తండ్రి పోయాక జట్టు ఆయన చేతికొచ్చి పదిహేనేళ్లయింది. ఆ పదిహేనేళ్లుగా మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఈ ఇంట్లో ఆయన్ని తిట్టని వేసవి సాయంత్రం లేదు. అబ్రహాం భార్య దేవకుమారి అయితే ఆ పేరు వినబడగానే వంటింట్లో చిమ్నీ ఫ్యాను పెంచేస్తుంది.

"అదే అంకుల్, ఆయన గురించే వచ్చాను," అన్నాడు రాఘవులు. అతను తెలుగు సంఘానికి ఈ ఏడాది అధ్యక్షుడు. "సాటర్డే స్టేడియంలో తెలుగు నైట్ కదా. నాలుగొందల టికెట్లు బుక్ చేశాం. గేమ్‌కి ముందు ఫీల్డ్ మీద మన పిల్లల డాన్స్. మా ఆద్య ఫ్రంట్ రోలో ఉంది. ఓనర్ కూడా వస్తానని ఇవాళ మెయిల్ పెట్టాడు. శాలువా కప్పి సన్మానం చేద్దామని కమిటీ డిసైడ్ చేసింది."

"ఎవరికి?"

"కెంప్ గారికి. 'క్రీడాబంధు' అని బిరుదు కూడా అనుకున్నాం. సన్మాన పత్రం మీరు రాయాలి. చదవాల్సింది కూడా మీరే."

అబ్రహాం స్కోరు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ల చేతికి శాలువా దొరికితే ఎదుటి మనిషి ఎవరని చూడరన్న సంగతి ఆయనకు తెలుసు. కిందటేడు హాలు అద్దెకిచ్చినాయనకు కప్పారు. అంతకుముందు ఉగాదికి, ఫైర్ అలారం చెక్ చెయ్యడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కూడా ఒక శాలువాతో ఇంటికెళ్లాడు. తెలుగు చర్చిలో పాస్టర్ల వీడ్కోలు పత్రాలన్నీ అబ్రహాం చేతిరాతే కాబట్టి సంఘం వాళ్లు కూడా ఆయన దగ్గరికే వస్తారు. ఎన్నడూ కాదనలేదు.

"నావల్ల కాదు," అన్నాడు. "లోరెటాను తీసేశాడయ్యా ఆ మనిషి. తెలుసా నీకు?"

రాఘవులుకు లోరెటా ఎవరో తెలియదు. స్టేడియంలో నూట పద్దెనిమిదో సెక్షన్ మెట్ల మొదట్లో ఇరవై తొమ్మిదేళ్లు నిలబడ్డ మనిషి లోరెటా. టికెట్ చూసి సీటు చూపించడం ఆవిడ ఉద్యోగం. తడిసిన సీట్లు తుడిచేది. ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని మెట్లు దింపేది. అబ్రహాం మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది ఆయన్ని ఒక్కరోజు కూడా ఒంటరిగా దిగనివ్వలేదు. పోయిన ఆదివారం ఆటకు వెళితే ఆవిడ నిలబడే చోట ఒక ఇనప స్తంభం, దానికి ఫోనుతో స్కాన్ చేసుకునే చీటీ ఉన్నాయి. ఇంటికొచ్చి ఫోన్ చేస్తే, "ఉత్తరం వచ్చింది ఏబ్. నేను బాగానే ఉన్నాను. ఇంకేం అడక్కు," అని పెట్టేసింది. అబ్రహాంను ఏబ్ అని పొట్టిగా పిలిచే ఇన్నేళ్ల స్నేహంలో ఆవిడ అలా ఫోన్ పెట్టెయ్యడం అదే మొదలు. ఆ మాట ఆయన్ని నాలుగు రోజులుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

రాఘవులు అంతా విని, "సో సాడ్ అంకుల్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు రాయకపోతే నేను ఏఐతో రాయించాలి. అది 'మహోదయా' అని కూడా సరిగ్గా అనలేదు. పిల్లల కోసం ఒప్పుకోండి. సన్మాన పత్రం ఎవరు వింటారు అంకుల్, మీకు తెలీదా?" అన్నాడు.

ఆ చివరి మాట అబ్రహాం మనసులో పడింది.

*

గురువారం పొద్దున కాఫీ తాగి, భోజనాల బల్ల తుడిచి, మందపాటి కాగితం పరిచాడు. స్కేలు పెట్టి పెన్సిల్‌తో సన్నగా గీతలు కొట్టాడు. సన్మాన పత్రానికో పద్ధతి ఉంది. ప్రతి పేరా ఒక పిలుపుతో మొదలవ్వాలి. దాని కింద నాలుగు వాక్యాల పొగడ్త ఉండాలి. "మహోదయా" అని రాశాడు. తర్వాత ఏం రాయాలో తెలియక చెయ్యి కదల్లేదు. లేచి కిటికీ దగ్గరికెళ్లాడు, పెరట్లోకెళ్లాడు, వచ్చి కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"ఏవండీ, కాళ్లకు చక్రాలు కట్టుకున్నారా?" అంది వంటింట్లోంచి దేవకుమారి.

పదకొండింటికి ఫెర్రీమెన్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే సీజన్ టికెట్టు రేట్లు పెంచుతున్నారట. "మా అభిమాన కుటుంబానికి మరింత మెరుగైన సేవ అందించడం కోసం" అని రాశారు. అబ్రహాం ఆ వాక్యం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, బల్ల దగ్గరికొచ్చి కలం తీశాడు. ఈసారి చెయ్యి ఆగలేదు.

"మహోదయా! పదిహేనేళ్లుగా ఈ జట్టును తమరు ఏలుతున్నారు. అందులో పదకొండేళ్లు జట్టు అట్టడుగునే ఉంది.

"వ్యాపారదక్షా! ఆట నేర్చిన ప్రతి కుర్రవాణ్ణీ, మాకు వాడి మీద మమకారం పుట్టే వేళకు సరిగ్గా తమరు అమ్మివేశారు.

"మితవ్యయశీలీ! మేము కూర్చునే చోట పైకప్పు ఏడేళ్లుగా కారుతున్నది. తమరి గదికి మాత్రం రెండుసార్లు కొత్త అద్దాలు వచ్చాయి.

"విశాలహృదయా! ఇరవై తొమ్మిదేళ్లు మమ్మల్ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపిన లోరెటా విట్‌ఫీల్డ్‌ను తమరు ఒక ఉత్తరం ముక్కతో ఇంటికి పంపారు. ఆమె చేసిన తప్పేమిటో చెప్పవలసిందని అడుగుతున్నాము."

కింద ఎప్పటిలాగే "ఇట్లు, సంఘ సభ్యులు" అని రాసి, చుట్టూ సన్నగా తీగెల అంచు దిద్దాడు. రాసినంతసేపూ చెవులు వేడెక్కాయి. అరవై ఏళ్లు చిన్నవాడైపోయి, క్లాసులో మాస్టారి బొమ్మ గీస్తున్నట్టుంది ప్రాణానికి.

శుక్రవారం రాఘవులు ఫ్రేము కట్టించడానికి వచ్చి పట్టుకెళ్లాడు. చేతులు చాచి దూరంగా పెట్టుకుని చూసి, "అబ్బ, ముత్యాల్లా ఉన్నాయి అంకుల్ అక్షరాలు," అన్నాడు. అంతే, ఒక్క ముక్క చదవలేదు.

*

శనివారం సాయంత్రం ఎండ ఇంకా మైదానం మీదే ఉంది. పిల్లల డాన్స్ అయింది. పట్టు పావడాల అమ్మాయిలు గడ్డి తొక్కకూడదన్న రూలు మర్చిపోయి పరిగెత్తుతుంటే, నల్ల టీషర్టు వేసుకున్న స్టేడియం కుర్రాడొకడు "ప్లీజ్, ప్లీజ్" అంటూ వెంటపడ్డాడు. కెంప్ గారు తెల్లచొక్కాలో నవ్వుతూ వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు. టీవీలో కన్నా మెత్తగా ఉన్నాడు మనిషి. రాఘవులు శాలువా కప్పాడు. ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు కొసలూ గుప్పిట్లో బిగించాడు.

అబ్రహాం మైకు ముందుకొచ్చాడు. ఫ్రేము రెండు చేతులా పట్టుకున్నాడు. మొదలుపెట్టాడు. మాట నోట్లోంచి వెళ్లి, స్టేడియమంతా చుట్టి, ఒక క్షణం ఆలస్యంగా మళ్లీ ఆయన చెవికే వచ్చేది. "మహోదయా" అనగానే కుడివైపు పైవరసల్లో కూర్చున్న నాలుగొందల మందీ చప్పట్లు కొట్టారు. జట్టు అట్టడుగున ఉందన్నప్పుడూ కొట్టారు. "విశాలహృదయా" దగ్గర ఈలలు కూడా వేశారు. అందరి ఫోన్లూ పైకే ఉన్నాయి గానీ, అవన్నీ పక్కకు నిలబడ్డ పిల్లల వైపు తిరిగి ఉన్నాయి. లోరెటా పేరు దగ్గర అబ్రహాం గొంతు పెంచాడు. మైదానం మీద ఎవరూ తలెత్తలేదు.

చప్పట్ల మధ్య కెంప్ గారు ఫ్రేము అందుకున్నాడు. ఫోటోకి పక్కపక్కన నిలబడ్డప్పుడు వంగి, ఇంగ్లీషులో అడిగాడు.

"ఎంత అందంగా ఉందో. ఏం రాశారు ఇందులో?"

మర్యాదగా, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అబ్రహాం నోరు తెరిచాడు. పదిహేనేళ్లుగా టీవీకి చెప్పుకుంటున్న మాటలు వినడానికి ఆ మనిషి చెవి ఇంత దగ్గరగా ఎన్నడూ రాలేదు.

"అన్నీ మంచి మాటలే సర్," అన్నాడు. "థాంక్యూ సర్."

*

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పార్కింగ్‌లో పాత స్నేహితుడు రాజారావు వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు. వాళ్ల మనవరాలి డాన్స్ వీడియో ఇంట్లో మళ్లీ వేసుకుంటుంటే వెనకాల అబ్రహాం గొంతు వినబడిందట. పత్రం ఉన్న ముక్క కోసి రాత్రే వాట్సాప్‌లో పెట్టాడట. ఆరాధన అయ్యేసరికి అది మిషిగన్ దాటి క్యారీ, ఆష్‌బర్న్ లాంటి దూరపు ఊళ్లు తిరిగి మళ్లీ అబ్రహాం ఫోనుకే వచ్చింది. ఎవరెవరో నవ్వే బొమ్మలు పెట్టారు. "చెప్పుతో కొట్టినట్టు కొట్టారు సార్" అని ఎవరో డాక్టరు గారు రాశాడు. కెంప్ ఆ పత్రాన్ని ఆఫీసులో గోడకు వేలాడదీసుకుంటాడని తల్చుకుని రాజారావు కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాడు. అబ్రహాం కూడా నవ్వాడు.

కారు ఇంటి మలుపు తిరుగుతుండగా దేవకుమారి అందుకుంది.

"నాకు మైదానంలోనే అంతా వినబడింది," అంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదొచ్చి, ఊదానోచ్ అని ఊరంతా చెప్పుకుంటున్నారు."

"వాడికి తెలుగు రాకపోతే నా తప్పా?"

"మీకు ఇంగ్లీషు వచ్చుగా. తెలుగులో తిట్టి ఇంగ్లీషులో థాంక్యూ చెప్పొచ్చారు. మీ ఇద్దరూ నిలబడ్డ ఫోటో చూశాను. చేతులు కట్టుకుని నిలబడ్డారు మీరు."

అబ్రహాం గ్యారేజీలో కారాపి, తాళం తియ్యకుండా కూర్చున్నాడు. ఆవిడ దిగి లోపలికెళ్లిపోయింది.

సోమవారం పదింటికి ఫోన్ మోగింది. ఫెర్రీమెన్ ఆఫీసు నుంచి మెగన్ అనే అమ్మాయి. కెంప్ గారికి పత్రం ఎంతో నచ్చిందట, తన గదిలో పెట్టించాడట. చూసినవాళ్లంతా ఏముందని అడుగుతున్నారట. కింద ఇత్తడి రేకు మీద ఇంగ్లీషు అనువాదం చెక్కించాలనుకుంటున్నాడు. "బుధవారంలోపు పంపగలరా సర్?"

"చూస్తాను," అన్నాడు అబ్రహాం.

గంటలో రాఘవులు ఊడిపడ్డాడు. మెగన్ అతన్నే నంబరు అడిగిందట. వీడియో కూడా చూసి ఉన్నాడు కాబట్టి మనిషి పాలిపోయి ఉన్నాడు.

"ఏం పని చేశారంకుల్, కనీసం నాకో మాట చెప్పాలి కదా. సరే, అయిందేదో అయింది. ఇంగ్లీషులో మామూలుగా ఏదో నాలుగు లైన్లు రాసి పంపెయ్యండి. గ్రేట్ లీడర్, గ్రేట్ విజన్ అని. నెక్స్ట్ ఇయర్ గేమ్‌కి ముందు పిల్లల చేత నేషనల్ యాంథమ్ పాడిస్తామన్నారు. ఆద్య ఇప్పటినుంచే ప్రాక్టీస్ చేస్తోంది."

"అబద్ధం రాయమంటావు."

"నిజం మీరు రాసేశారుగా. అది ఫ్రేములోనే ఉంది. ఎవరు కాదన్నారు?"

రాఘవులు మాటలో తప్పు ఎక్కడుందో అబ్రహాంకు వెంటనే దొరకలేదు. నిన్నటిదాకా తానూ అదే మాట అనుకుని మురిసిపోయాడు మరి. అతను వెళ్లాక నాలుగు లైన్లు రాశాడు కూడా. చదువుకుంటే టికెట్టు రేట్లు పెంచుతూ వచ్చిన మెయిల్ లాగే ఉంది. చింపేశాడు. ఆ సాయంత్రం ఆట టీవీలో వస్తుంటే, మూడో ఇన్నింగ్స్ దగ్గర స్కోరు రాయడం మానేసి వాకిట్లో పచార్లు చేశాడు.

*

మంగళవారం మధ్యాహ్నం దేవకుమారి చేసిన గులాబీ పువ్వులు డబ్బాలో పెట్టుకుని లోరెటా ఉండే రెడ్‌ఫర్డ్‌కు కారులో వెళ్లాడు. ఏటా సీజన్ మొదటి ఆటకు పట్టుకెళ్లే ఆ పిండివంట లోరెటాకు మహా ఇష్టం. ఆవిడ వరండాలో టమాటా కుండీలకు కర్రలు కడుతోంది. యూనిఫాం లేకుండా ఆవిడ్ని చూడటం ఆయనకదే మొదటిసారి. చిన్నదైపోయినట్టుంది.

"దారెలా తెలిసింది ఏబ్?"

"క్రిస్మస్ కార్డు మీద రాస్తావుగా."

కూర్చోబెట్టి ఐస్ టీ ఇచ్చింది. అబ్రహాం కథంతా చెప్పాడు. శాలువా కొసలు పట్టుకున్న కెంప్‌ను నటించి చూపించాడు. చప్పట్లు, ఈలలు, వాట్సాప్ అన్నీ చెప్పాడు. ఆవిడ నవ్వుతుందని, ఆవిడ నవ్వితే దేవకుమారి అన్న మాట బరువు తగ్గుతుందని ఆశపడ్డాడు. లోరెటా ఒక గులాబీ పువ్వు సగానికి విరిచి, తినకుండా చేతిలోనే పెట్టుకుంది.

"నా పేరు చదివావా? మైకులో?"

"చదివాను. గట్టిగా చదివాను."

"ఆయనేమన్నాడు?"

"ఏం రాశారని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

అబ్రహాం ఐస్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్నీ మంచి మాటలే అని చెప్పాను," అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో, ఆవిడ ముందు, మళ్లీ చెప్పాల్సి రావడం కన్నా అవమానం ఆయన ఎరగడు.

లోరెటాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఆ రోజు ఫోన్‌లో నీతో మాట్లాడలేదని బాధపడ్డావా?"

"పడ్డాను."

"ఉత్తరంతోపాటు ఇంకో కాగితం ఇచ్చారు. ఇన్సూరెన్స్ ఏడాది చివరిదాకా ఉండాలంటే దాని మీద సంతకం పెట్టాలి. జట్టు గురించి, యజమాని గురించి ఎవరితోనూ చెడ్డగా అనకూడదు. నా గుండెకు వాడే మందులు నీకు తెలుసు. పెట్టాను." చేతిలో ఉన్న సగం ముక్క డబ్బాలో పెట్టేసింది. "నేను ఏ భాషలోనూ అనలేను ఏబ్. నువ్వు ఏ కాగితం మీద సంతకం పెట్టావు?"

ఏ కాగితమూ లేదు. నలభై నాలుగేళ్లుగా ఈ దేశంలో మాట్లాడనని సంతకం పెట్టమని ఎవరూ ఆయన్ని అడగలేదు. అడగకుండానే నోరు మూసుకున్నాడు. ప్లాంటులో మూసుకున్నాడు, మీటింగుల్లో మూసుకున్నాడు, ఇంటికొచ్చి టీవీ ముందు తెరిచేవాడు.

వచ్చేటప్పుడు లోరెటా అలవాటుగా ఆయన మోచెయ్యి పట్టుకుని వరండా మెట్లు దింపింది. మూడే మెట్లు. కారెక్కాక చాలాసేపటిదాకా ఆయన స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి ఏడ్చాడు.

*

బుధవారం పొద్దున మెగనే ఫోన్ చేసింది. చెక్కేవాడు మధ్యాహ్నం వస్తాడట. "మెయిల్ ఇంకా రాలేదు సర్."

"మెయిల్ వద్దు. నేను చెబుతాను, మీరు టైప్ చెయ్యండి," అన్నాడు అబ్రహాం. బల్ల మీద ముందే కాగితం పెట్టుకున్నాడు. ఎదురుగా దేవకుమారి బఠాణీలు వలుస్తోంది. ఆవిడ చేతులు ఆగాయి.

ఇంగ్లీషులో ఆ పిలుపులేవీ నిలబడలేదు. విశాలహృదయా లేదు, మహోదయా లేదు. మిస్టర్ కెంప్ అని మొదలుపెట్టాడు. పదిహేనేళ్లలో పదకొండేళ్లు అట్టడుగున అన్నాడు. కీబోర్డు టకటకలాడింది. కుర్రవాళ్లను అమ్మడం చెప్పాడు. టకటకలు నెమ్మదించాయి. కారే కప్పు చెప్పాడు.

"సర్," అంది మెగన్. "ఇదేనా ఫ్రేములో ఉన్నది?"

"అక్షరం తేడా లేదు. ఎవరిచేతనైనా చదివించుకోండి. రాసుకోండి, ఇంకా ఉంది. లోరెటా విట్‌ఫీల్డ్ ఇరవై తొమ్మిదేళ్లు మమ్మల్ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. మీరు ఆమెను ఒక ఉత్తరంతో ఇంటికి పంపారు. ఆమె చేసిన తప్పేమిటో చెప్పమని అడుగుతున్నాను. ఆమె నన్ను అడగమనలేదు, నేనే అడుగుతున్నాను."

కీబోర్డు టకటకలు ఆగిపోయాయి. ఫోన్ పెట్టేసిందనుకున్నాడు.

"విట్‌ఫీల్డ్‌లో," అంది ఆ అమ్మాయి చివరికి, గొంతు మార్చి, "చివర ఐ ముందా, ఈ ముందా?"

"ఐ ముందు."

టైప్ చేసింది. "కింద పేరు... తెలుగు సంఘం అని వెయ్యనా?"

"వద్దు. సంఘానికి దీంతో సంబంధం లేదు. నా పేరు వెయ్యండి." పేరు ఒక్కో అక్షరం చెప్పాడు. సెక్షన్ నంబరు, వరస, సీటు నంబరు కూడా చెప్పాడు. దేవకుమారి బఠాణీల గిన్నె పక్కకు జరిపి, బల్ల మీదుగా చెయ్యి చాచి ఆయన చేతి మీద వేసింది.

"ఒకసారి మొదటినుంచి చదివి వినిపించమ్మా," అన్నాడు. "తప్పులుంటే దిద్దుకుందాం."

"ఇక్కడ అందరూ ఉన్నారు సర్."

"ఫరవాలేదు, గట్టిగానే చదువు."

మెగన్ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొదట్లో ఆమె వెనకాల ఎవరివో నవ్వులు, కాఫీ మెషిన్ చప్పుడు వినబడుతూ ఉన్నాయి. లోరెటా పేరు దగ్గరికొచ్చేసరికి ఆ గదిలో ఆమె గొంతు ఒక్కటే మిగిలింది.